మావాళ్ళ మధ్య

ఇంకో మలుపు. నోలా గేరు తగ్గించి బండిని లోపలి వైపుకి వంచింది. మోకాలు మళ్ళీ కలుక్కుమంది. ఈ బ్లూ రిడ్జ్ కొండల్లో రోడ్డు వేసినవాడికి తిన్నగా నడవడం రాదని హోబర్ట్ అనేవాడు. ఇప్పుడు ఆ హోబర్ట్ వెనక పెట్టెలో, బిస్కెట్ల డబ్బాలో, బూడిదై కూర్చున్నాడు.

లోయ నిండా నీలం మంచు, రోడ్డు పక్కన అడవి పూలు. ఎదురొచ్చే బైకుల వాళ్ళు ఎడమ చెయ్యి కిందికి చాచి పలకరిస్తున్నారు. బదులు పలకరించే ఓపిక ఆమెకి లేదు. అరవై దాటిన ఒంటికి కొండల అందం కన్నా వాలుకుర్చీ అందం ఎక్కువ.

ప్రతి జూలైలోనూ హోబర్ట్ మాండలిన్ వీపున కట్టుకుని ఈ ఆకుపచ్చ మోటారుసైకిల్ మీదే కోల్డ్ గ్యాప్ కనుమలో జరిగే బ్లూగ్రాస్ పల్లెపాటల పండగకి పోయేవాడు. ఒక్కడే. గుడారాలూ దోమలూ నీకెందుకని ఆమెని ఒక్కసారీ రమ్మనలేదు. ఇంట్లో ఆ మాండలిన్ పెట్టె మూత తీసిన పాపాన పోలేదు. అడిగితే, మిల్లు పనికి వేళ్ళు అరిగిపోయాయనేవాడు. చివరికి ఆసుపత్రి మంచం మీద కూడా ఇంటి మాట ఎత్తలేదు. "నన్ను కోల్డ్ గ్యాప్‌లో చల్లు, మావాళ్ళ మధ్య" అన్నాడు.

మావాళ్ళట. మరి ఇన్నేళ్ళు వండిపెట్టిన నేనెవరినని అడిగేలోగా కళ్ళు మూశాడు. ఆ మావాళ్ళ ముందు ఆయన ఒక్కసారైనా తన పేరు ఎత్తాడా లేదా? అది తేలాలి. ఎత్తి ఉంటే తన చేత్తోనే చల్లుతుంది. లేదంటే డబ్బా వాళ్ళ ఒళ్ళో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పోతుంది.

పండగలో వేదిక మీద ఎవరో పాడుతున్నారు గానీ అసలు సంగీతమంతా వెనక గుడారాల దగ్గరే ఉంది. బాంజోలూ ఫిడేళ్ళూ పట్టుకుని ఎక్కడికక్కడ గుంపులు కట్టి వాయించుకుంటున్నారు. అక్కడ కొత్తవాళ్ళని పేరు అడగరు, ఏ శ్రుతి అని అడుగుతారు. దాంతో హోబర్ట్ అన్న పేరు పట్టుకుని నోలా ఎన్ని గుంపులు తిరిగినా, ఎరగమన్నవాళ్ళే తప్ప ఎరిగినవాళ్ళు దొరకలేదు. కాళ్ళు లాగేసి, బండి దగ్గరికే వచ్చి గడ్డిలో చతికిలబడింది. ఎవరూ ఎరగని చోట ఈయనకి మావాళ్ళేమిటో ఆమెకి అర్థం కాలేదు.

బాంజో మెడలో వేసుకుని పోతున్న ఒక బక్కపల్చటి ముసలాయన ఆ ఆకుపచ్చ బండిని చూసి ఆగాడు.

"ఇది మా మాండలిన్ ఆయన బండి కదా. ఆయనేడీ?"

నోలా వెనక పెట్టె మీద చెయ్యి వేసింది. ముసలాయన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. ఆయన పేరు ఎస్టిల్. ఆమెని తన గుడారానికి తీసుకుపోయాడు. ఆయన భార్య డ్రీమా సంగతి విని కళ్ళు ఒత్తుకుని, ఉడికించిన చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే పెట్టింది.

"నువ్వు రాకపోతే మేం పండగంతా దారి చూస్తూ కూర్చునేవాళ్ళం చెల్లెమ్మా" అన్నాడు ఎస్టిల్.

నోలా పళ్ళెం పక్కన పెట్టింది. ఏదో మాటకి అన్నట్టు అడిగింది. "ఇంటి సంగతులేమైనా చెప్పేవాడా?"

"చెప్పనిదెప్పుడు? నోలా, నోలా, నోలా. ఆ పేరు మీద పాటే కట్టాడు."

ఆ నోలాని నేనేనంటే మొహమాటపడి మాట మార్చేస్తారేమోనని ఆమె తనెవరో చెప్పలేదు. డ్రీమా చెప్పుకుపోయింది. పండగ ఆఖరి సాయంత్రం ఆయన ఆ పాట ఎత్తుకుంటే పక్క గుంపులు కూడా ఆగిపోయేవట. ఒకరిని మించి ఒకరు ఉరకలేసే చోట అంత నెమ్మదైన పాట ఇంకెవరినీ ఎత్తనిచ్చేవారు కాదట. కళ్ళు తుడుచుకుంటూనే వాయించేవాడట. మొదటి పళ్ళెం నేను పెడతానంటే నేను పెడతానని ఆడవాళ్ళు ఆయన కోసం పోటీ పడేవారట.

"పెళ్ళాన్ని అంతగా ప్రేమించిన మగాణ్ణి నేను చూళ్ళేదు. ఈయనా ఉన్నాడు, ఎందుకూ?" అని మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

"నువ్వు నాకా అవకాశం ఇస్తేగా" అన్నాడు ఎస్టిల్.

తర్వాత ఒక ఫిడేలూ ఒక గిటారూ వచ్చి చేరాయి. ఆ పాట వాయించారు. నోలా తన పేరుని అలా వినడం అదే మొదలు. ఇంట్లో ఉప్పు చాలలేదని తప్ప నోరు విప్పని మనిషి, కొండలు దాటి వచ్చి ఇక్కడ ఇంత చెప్పుకున్నాడన్నమాట. కొందరు మగాళ్ళంతే, ఎదురుగా ఉన్నదానికి చెప్పరు. ఇన్ని జూలైల కోపం కరిగి కళ్ళలోంచి కారిపోయింది. ఒంటి నొప్పులు కూడా కాస్త సర్దుకున్నట్టే అనిపించింది. ముగించమన్న గుర్తుగా ఎస్టిల్ కాలు పైకెత్తాడు. అందరూ ఒక్కసారే ఆపారు.

నోలా లేచి వెళ్ళి డబ్బా తెచ్చింది. "మీ మధ్యే చల్లమన్నాడు. నా చేత్తోనే చల్లుతాను" అంది. ఇక తనెవరో చెప్పేద్దామని నోరు తెరవబోయింది.

అంతలో ఎస్టిల్ ఆ డబ్బా మూత మీద చెయ్యి వేసి, వద్దన్నట్టు తల ఊపాడు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

"ఇక్కడెందుకు చెల్లెమ్మా, నోలా సమాధి పక్కనే పెట్టించు."