మూడో మాలా నీళ్లు

నాలుగో తరగతిలో ఆగిన నా చదువు మా కామాటిపుర చాళ్లో, గదికో కుటుంబం ఉండే ఆ మేడలో, ఆడవాళ్ల క్లాసుతో మళ్లీ మొదలైంది. హన్మంతు సారు మట్టితో గుట్ట చేసి, సగానికి గడ్డి నాటి, చెంబుతో నీళ్లు పోశాడు. గడ్డి వైపు తేటగా దిగాయి. బోడి వైపు బురద పారింది.

“చూసిన్రా? గుట్ట మీద చెట్లు కొడితే కిందోళ్ల చెరువు పాడైతది. మన చాళ్ల గూడ గంతే! మూడో మాలా నుంచి ఎవరో అంట్ల నీళ్లు గుమ్మరిస్తే నా బిందెల మెతుకులు తేలుతున్నయి. దొరికితే క్లాసుల పేరు కొట్టేస్త!”

సారు గదికి నేరుగా పైన, మూడో అంతస్తులో ఉన్నది మా గదే.

నాకు కాపలా వచ్చిన అత్త లేచింది. “మా కోడలినా అంటున్నవ్ సారూ? మగోళ్లు కూసుంటరని అది మోరి దిక్కు గూడ పోదు! అంత సిగ్గు దానికి!”

సారు తప్పయిందని నాకే దండం పెట్టాడు.

మోరి దిక్కు పోని కోడలు అంట్ల నీళ్లు ఎక్కడ పారబోస్తుందో అత్త ఇంతవరకు అడగలేదు.