చీటీలో వచ్చిన ఇల్లు

“సార్, ఆ ఇల్లొద్దు. వేరే చీటీ తీద్దాం,” అన్నాడు పరిశోధక విద్యార్థి అనిల్‌కుమార్.

రాజనీతిశాస్త్రం లెక్చరర్ కిషన్‌లాల్‌కు కోపం వచ్చింది. “ఓటరు జాబితాల నుంచి చీటీ వేసి తీసిన పేరది. నచ్చలేదని మారిస్తే దాన్ని సర్వే అనరు, పెళ్లిచూపులంటరు.”

“మీరు పోతే బాగుండదు సార్. నేను పోయొస్త.”

“నా వంతుల వచ్చింది. నేనే పోవాలె.”

కిషన్‌లాల్ పేరంతా ఒక్క సిద్ధాంతం మీద నిలబడింది: మగాయన ఎవరికి వేయమంటే ఇంట్లో ఆడవాళ్లు వాళ్లకే వేస్తారు. చండ్రుగొండ అడవి పక్క ఊళ్ల నుంచి పాల్వంచ కాలనీల దాకా ఆడవాళ్లంతా అవునన్నారు. ఇదే చివరి ఇల్లు. ఇక్కడా అవునంటే పుస్తకం అచ్చుకు వెళుతుంది, ప్రొఫెసర్ కుర్చీ వస్తుంది. ‘ఒక్క ఇల్లు కూడా తప్పలేదు’ అని ముందుమాటలో ముందే రాసేసుకున్నాడు.

తలుపు తట్టి, రెండడుగులు వెనక్కి వేసి, మెడలో గుర్తింపు కార్డు సరిచేసుకున్నాడు.

కరెంటు ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చి వంట చేస్తున్న సంగీత గరిటెతోనే తలుపు తీసింది. ఆయన్ని కిందికీ మీదికీ చూసింది.

“నమస్కారమమ్మా. ఎన్నికల సర్వే. మీరు చెప్పింది మీ ఇంట్లోవాళ్లకు కూడా తెలియనివ్వం.”

“ఒట్టేనా సార్?”

“మా పద్ధతే అంత.”

“అయితే అడుగుర్రి.” స్టూలు లాక్కుని కూర్చుంది.

“ఇంటి పెద్ద ఎవరు?”

“క్వార్టర్ నా పేరు మీద ఇచ్చిన్రు. పెద్ద మాత్రం తనే అని ఆయన అనుకుంటడు.”

“ఆయన చదువు?”

“మస్తు చదివిండు. గ్యాస్ సిలిండర్ మార్చుడు మాత్రం రాదు.”

‘ఉన్నత విద్య’ అని రాసుకున్నాడు కిషన్‌లాల్. “ఎవరికి ఓటు వేయాలో ఆయన చెబుతారా?”

“ప్రతిసారి. పోలింగు పొద్దున చాయ్ తాగుకుంట చెప్తనే ఉంటడు. నేను అవ్ అంట.”

కిషన్‌లాల్ ముఖం వెలిగింది. టిక్కు పెట్టబోయాడు.

“ఆగుర్రి సార్. అవ్ అంట అన్న. వేస్త అనలే.”

పెన్ను ఆగింది. “ఎప్పుడో ఒకసారి వేరేవాళ్లకు వేసి ఉంటారు...”

“పెళ్లయినకాడి నుంచి ఒక్కసారి గూడ ఆయన చెప్పినోళ్లకు వెయ్యలే.”

“ఎందుకమ్మా?”

“వాళ్లు గెలిచిన్రనుకో, ఇంట్ల ఒకటే ఉపన్యాసం. కూర మాడినా దానికీ ఎన్నికలకూ లంకె పెడతడు. ఓడిపోతే వారం దాకా నోరు తెరవడు. ఇల్లు సల్లగుంటది.”

“మరి పక్కింటావిడ మా వాళ్లతో అవునంది కదా?”

“అడిగేటప్పుడు ఆమె మొగడు పక్కనే కూసున్నడాయె. ఏమంటది మరి?”

ఇన్నేళ్లుగా నింపిన ఫారాలన్నీ కిషన్‌లాల్‌కు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ప్రతి ఫారం పక్కనా ఒక మొగుడు కూర్చునే ఉన్నాడు.

చెమట తుడుచుకున్నాడు. ఇంకొక్క ప్రశ్న మిగిలింది. పద్ధతి ప్రకారం దాన్నీ వదలకూడదు.

“ఈ సంగతి మీ ఆయనకు తెలుసా?”

“ఇప్పుడే తెలిసింది,” అని సంగీత మొగుడి మెడలోని గుర్తింపు కార్డు తీసి చేతిలో పెట్టి, అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్లింది.