ఆకుపచ్చ మోకు

పుయెర్తో గలేరా రేవు మొగలో, రాళ్ల మీద ఓ చిన్న తెరచాప పడవ బోర్లా పడి ఉంది.

"చూశావా మారిలూ! ఎవడో తాడు కట్టడం కూడా రాని మహానుభావుడు!" పకపకా నవ్వాడు రొడెల్.

మారిలుకూ నవ్వాగలేదు. ఫోటో తీసి లీపాలో ఉన్న తల్లికి పంపింది. 'మనది కాదులే, కంగారుపడకు' అని కింద రాసింది.

క్రిస్మస్‌కు కూతురు జెస్సాను తీసుకుని దాని అమ్మమ్మ ఊరు లీపా వెళ్లి, అద్దె పడవలో తిరిగొస్తున్నారు ఆ దంపతులు.

వాళ్లకు ఒడ్డున ఇల్లు లేదు. ఉన్నదంతా అమ్మి కొనుక్కున్న తెరచాప పడవే వంటిల్లు, పడకగది, జెస్సాకు బడీనూ.

తీరా వచ్చి ఎక్కేసరికి, ఆ ఇంట్లో ఎవరో పడుకుని ఉన్నారు!

ఒంటి మీద రొడెల్ వానకోటు. పక్కన వాళ్ల కెటిల్.

"దొంగ! లేవయ్యా!" అరిచింది మారిలు.

ముసలాయన తడబడుతూ లేచాడు. వాళ్లు ఊరెళ్లే ముందురోజే రేవులోకొచ్చి పక్కన లంగరు వేసినవాడు.

"మీరొచ్చేదాకా మీ పడవను కనిపెట్టి ఉంటానమ్మా" అన్నాడు ఆ రోజు.

"మీ పడవ సంగతి మీరు చూసుకోండి, చాలు" అని కసిరింది మారిలు. ఆ మాసిన గడ్డం చూస్తే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

"గాలి లేచిందమ్మా..." నసిగాడు ముసలాయన.

"గాలి లేస్తే మా ఇంట్లో దూరతారా? మీకు పడవ లేదా?"

ఆయన ఏదో చెప్పబోయాడు. జెస్సా వైపు చూసి ఆగిపోయాడు.

"పోన్లెండమ్మా. క్షేమంగా వచ్చారు, అదే పదివేలు."

ముందువైపు నుంచి రొడెల్ కేకేశాడు. "మన పడవకి ఈ ఆకుపచ్చ మోకు ఎవరు కట్టారే?"

"మోకు సంగతి తర్వాత. ముందు ఈయన్ని దింపు. ఆగండి! ఆ సంచిలో ఏముందో చూపించి వెళ్లండి!"

ముసలాయన సంచి విప్పాడు. తడిసిన చొక్కా, పాత మేరీమాత పటం.

వానకోటు మడిచి పెట్టాడు. వాళ్లను తెచ్చిన అద్దె పడవలోకే దిగాడు.

"ఆ మోకు ఇప్పుడే విప్పకు బాబూ. గాలి ఇంకా పూర్తిగా తగ్గలేదు" అన్నాడు వెళుతూ వెళుతూ.

"చేసిందంతా చేసి, మళ్లీ సలహాలొకటి!" మూతి తిప్పింది మారిలు.

అంతలో చేపలమ్మే పనింగ్ తెడ్డు వేసుకుంటూ వచ్చింది. ఆమె పడవలో పొగలు కక్కుతున్న గిన్నె.

"తాత ఏడీ? పులుసు తెచ్చాను. పండగనాటి నుంచీ సరిగ్గా తిండే లేదు పాపం."

"పంపించేశాం. ఆయనకంత మర్యాదెందుకు అక్కా?"

పనింగ్ వింతగా చూసింది.

"మీకు చెప్పనేలేదా? పండగనాడు గాలికి మీ తాడు పుటుక్కున తెగింది. పడవ రాళ్ల మీదికి పోతోంది. ఆ తాతే దూకాడు. తన పడవకున్న ఒక్క గట్టి మోకూ విప్పి దీనికి కట్టాడు."

"మరి ఆయన పడవ?" అడిగింది మారిలు.

"సన్నతాడు మీద వదిలేశాడు. 'నీ సంగతి చూసుకోవయ్యా' అని ఒడ్డు నుంచి అరిచాం. 'నేను ఒంటిగాణ్ణి, ఇది చిన్నపిల్ల ఉండే ఇల్లు' అన్నాడు."

మారిలుకు తల కొట్టేసినట్టయింది. చేతిలో ఫోను మోగింది. తల్లి జవాబు.

'అయ్యో, నవ్వకూడదే తల్లీ. పాపం, అందులో ఎవరుండేవారో!'

"తాతా!" గొంతు చించుకుని అరిచింది మారిలు. ఎదురుగాలికి ఆ పిలుపు ఆయనను చేరలేదు.

రేవు మొగ దగ్గర అద్దె పడవ నెమ్మదించింది. ముసలాయన లేచి నిలబడి, టోపీ తీసి, రాళ్ల మీద బోర్లా పడి ఉన్న తన ఇంటికి దండం పెట్టుకున్నాడు.