కట్టమ్మ వేసిన తాళం

"కోడలిని లోపల పెట్టి తాళమేస్తాన్నవా కట్టమ్మా! అది మనిషా, గొడ్డా?"

పక్కింటి యాకమ్మ కేకకు శివనగర్ వాడంతా తలుపుల్లోకి వచ్చింది. కట్టమ్మ తొణకలేదు. తాళాన్ని ఒకసారి గుంజి చూసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"నా ఇల్లు, నా కోడలు. నీకేం నొప్పి?" అని, చాట చంకన పెట్టుకుని వరంగల్ గ్రేన్ మార్కెట్‌కు కూలికి వెళ్ళిపోయింది.

వారంగా ఇదే వరస. కోడలు సరస్వతి నోట్లో నాలుక లేని పిల్ల. మొన్నటిదాకా యాకమ్మ పొద్దంతా కష్టసుఖాలన్నీ చెప్పుకునేది ఆ పిల్లతోనే. ఇప్పుడు ముఖం చూడటానికే లేకపోయింది. కిటికీ కూడా మూసే ఉంది.

యాకమ్మ తలుపుకు చెవి ఆనించింది. లోపల సన్నగా గొణుగుడు. పిల్ల తనలో తానే మాట్లాడుకుంటోంది!

"అయ్యో, పిచ్చిదాన్ని చేస్తాంది గదా!"

"అత్తాకోడళ్ళ నడుమ మనకెందుకక్కా?" అంది ఎదురింటి సమ్మమ్మ.

"మీకు ఫికర్ లేదు. నాకున్నది."

యాకమ్మ ఇంట్లోకి పోయి పచ్చళ్ళు నూరే పొత్రం ఎత్తుకొచ్చింది. తాళం మీద ఒక్కటి వేసింది. చేతులు జుమ్మన్నాయి. తాళం కదల్లేదు.

"ఎవరూ?" లోపలి నుంచి బెదురుగా వినిపించింది.

"నేనే బిడ్డా! జర ఓపిక పట్టు!"

అరచేయి చీరుకుపోయినా ఆగలేదు. కొంగు చుట్టుకుని మళ్ళీ మళ్ళీ కొట్టింది. చివరికి తాళం ఊడి కింద పడింది.

తలుపు తెరుచుకుంది. ఎర్రబడ్డ కళ్ళతో సరస్వతి నిలబడి ఉంది. యాకమ్మ ఆమెను గుండెలకు హత్తుకుంది.

"ఏడ్చి ఏడ్చి కండ్లు ఎట్లయినయో! పా బిడ్డా, మీ తల్లిగారింటికి నేను తోలుకపోత."

"ఏడుస్తలేను పెద్దమ్మా, చదువుతాన్న. ఇంటర్ పరీక్షలు దగ్గరకొచ్చినయ్. పోయినసారి తప్పిన. ఈసారి గూడ తప్పితే చదువు బంద్ అన్నడు మా ఆయన. ఎట్లనన్న పాస్ కావాలె. అందుకే అత్తమ్మను నేనే బతిమాలి తాళమేయించుకున్న."

యాకమ్మకు అయోమయంగా ఉంది.

"చదువుకునేదానికి తాళమెందుకే? నువ్వు బయటికెక్కడికి పోతవని?"

సరస్వతి తల దించుకుంది.

"నేను బయటికి పోతనని కాదు పెద్దమ్మా... నువ్వు లోపలికొస్తవని."