ఒకే అడ్రసు, రెండు ఫారాలు

“మీ డబ్బు ఎక్కడికీ పోలేదమ్మా. నిక్షేపంలా ఉంది,” అన్నాడు కౌంటరు వెనక కళ్ళజోడు గుమస్తా.

టైలరమ్మకి ప్రాణం లేచొచ్చింది. విమానాల కంపెనీ దివాలా తీసిందని టీవీలో చెప్పినప్పటి నుంచీ, అంటే మూడు రోజులుగా, ఆవిడకి గొంతులోకి ముద్ద దిగలేదు, కంటి మీద కునుకు లేదు.

“కంపెనీయే మునిగిపోతే డబ్బులెవరిస్తారండీ?” పక్కనున్న మొగుడు అనుమానంగా అడిగాడు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. మూత విప్పి చూస్తే గానీ దేన్నీ నమ్మడు.

“ఇలాంటి రోజు కోసమే టిక్కెట్టు టిక్కెట్టుకీ కొంచెం తీసి ప్రయాణికుల నిధిలో వేస్తారు సార్. కంపెనీకి అప్పులిచ్చినవాళ్ళు కూడా దాన్ని ముట్టుకోలేరు. మీరు కట్టింది మొత్తం రెండ్రోజుల్లో మీకొచ్చేస్తుంది.”

“విన్నారా? ఆ రోజు టిక్కెట్టు కొంటుంటే, ఈ నిధి గిధి దండగ అన్నారు!”

“నేనా? అన్నానా?”

“అన్నారు. పైగా నవ్వారు కూడా.”

మొగుడు గోడ గడియారం వంక చూశాడు. అది నాలుగు నిమిషాలు వెనకుంది.

ఆ డబ్బు ఊరికే వచ్చింది కాదు. రెండేళ్ళపాటు బడిపిల్లల యూనిఫారాలు కుట్టి, కాజాలు కుట్టి, దారాల డబ్బా అడుగున దాచుకున్న డబ్బు. అంతా తమ్ముణ్ణి చూడ్డానికే. ఏడేళ్ళ కిందట అమ్మ పోయినప్పుడు వాడు రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు. “అంతా అయిపోయాక దేనికొచ్చావ్? ఇంకెప్పుడూ నా గడప తొక్కకు,” అని నలుగురిలో కడిగిపారేసింది. వాడు అటునుంచటే వెనక్కి తిరిగాడు. విమానం టిక్కెట్టుకి డబ్బుల్లేక రెండు రాత్రులు బస్సులు మారి వచ్చాడని, చాలాకాలం తర్వాత మరదలి నోట విన్నది. ఆ రోజే డబ్బా అడుగున మొదటి నోటు పడింది.

“ఫోన్లో చెప్పెయ్యచ్చుగా,” అన్నాడు మొగుడు అప్పట్లో.

“మొహం మీద అన్నమాట మొహం చూసే వెనక్కి తీసుకోవాలి,” అంది.

ఈ వారంలో వెళ్తేనే వెళ్ళినట్టు. పై వారం బళ్ళు తెరుస్తారు. తెరిచారంటే మూణ్ణెల్లు మిషను మీంచి లేవడానికుండదు.

గుమస్తా కంప్యూటరులో ఏదో కొట్టి, ఆగి, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. “మీ ఇంటి అడ్రసు మీద, డబ్బు వాపసడుగుతూ ఇంకో ఫారం ఉందమ్మా. నిన్న వచ్చింది. మీ ఇంట్లోవాళ్ళదేనా?”

“మా ఇంట్లో ఉండేది మేమిద్దరం, ఓ పిల్లీ. పిల్లికి టిక్కెట్టు కొనలేదు.”

“అయితే కష్టమే. దొంగ ఫారాలు తెగ వస్తున్నాయి. ఒకే అడ్రసు మీద సంబంధం లేనివాళ్ళు రెండు ఫారాలిస్తే రెండూ ఆపేసి విచారణకి పంపాలి. రెండు నెలలన్నా పడుతుంది.”

టైలరమ్మ కౌంటరు మీదికి వంగింది. “రెండు నెలలా! ఏదీ, ఆ ఫారం చూపించండి.”

పేరు చూపించకూడదట. గుమస్తా దాని మీద అరచెయ్యి పెట్టి అడ్రసు మాత్రం చూపించాడు. ఇంటి నంబరు, వీధి, ఒక్కక్షరం పొల్లుపోలేదు. కింద ‘సబ్బుల ఫ్యాక్టరీ ఎదురుగా’ అని ఉంది.

“దొరికాడు దొంగ! ఆ ఫ్యాక్టరీ పడగొట్టి అయిదేళ్ళయింది. ఇప్పుడక్కడ బట్టల షాపు. వీడు మా వీధి మొహం కూడా చూసి ఉండడు.”

“ఏ పాత కాగితమో దొరికుంటుంది,” అన్నాడు మొగుడు.

“అతనిది తిరుగు టిక్కెట్టమ్మా. ఈ ఊరు రావడమైతే వచ్చాడు, పోవడానికి విమానం లేదు. ఇక్కడి అడ్రసు లేనిదే ఫారం తీసుకోం అన్నాం. చాలాసేపు పెన్ను పట్టుకుని నించుని, చివరికిది రాసిచ్చాడు.”

“కల్పించి రాయడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది లెండి.”

“పొద్దుట్నుంచీ అతను తన డబ్బు కోసం వెనక వరండాలో కూర్చుని ఉన్నాడు. పిలుస్తాను. నా ముందే తేల్చుకోండి.” గుమస్తా మైకు దగ్గరకి వంగాడు. “నలభై ఒకటో నంబరు!”

“రానీండి, వాడి సంగతి చెప్తా,” అని టైలరమ్మ కరెంటు బిల్లు కోసం సంచీలోకి తల దూర్చేసింది. టేపు, సుద్దముక్క, దారపుండలు, గుండీల పొట్లం... అన్నీ తగుల్తున్నాయి, బిల్లు తప్ప. అడుగుల చప్పుడు దగ్గరకొచ్చి ఆవిడ వెనకే ఆగింది.

మొగుడు ఆవిడ మోచెయ్యి గిల్లాడు. “ఏమే, ఒక్కసారిటు...”

“మీరుండండి!” తల ఎత్తకుండానే అందుకుంది టైలరమ్మ. “ఏమయ్యా, సిగ్గులేదూ? ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా నీకు మా ఇల్లే దొరికిందా? ఏ మొహం పెట్టుకుని రాశావు?”

మొగుడు మళ్ళీ గిల్లాడు. ఆవిడ చెయ్యి విదిలించుకుంది. బిల్లు దొరికింది. మడత విప్పి కౌంటరు మీద టపీమని కొట్టింది.

“ఇదిగో రుజువు. ఇప్పుడు చెప్పు, ఎవరి ఇల్లనుకుని రాశావు?”

“ఈ ఊళ్ళో నాకు నీ ఇల్లు తప్ప ఇంకేం తెలుసక్కా,” అన్నాడు తమ్ముడు.