సబ్బు వాసన

తెయోఫిలో చెప్పులు చేత పట్టుకుని, రేవు నుంచి తడికాళ్లతోనే డాబా ఎక్కాడు.

"నీళ్లెలా ఉన్నాయి?" అంది భార్య హెర్మెలిండా, తీగ మీది బట్టలు తీస్తూ.

"చంటిపిల్లకి పోయడానికి కాచినట్టున్నాయే. చేపలకి బుద్ధుంది, చల్లని చోటు చూసుకున్నాయి. మనమే ఇక్కడ పడున్నాం."

సముద్రం వేడెక్కినప్పటి నుంచి చేపపొడి ఫ్యాక్టరీ పొగగొట్టం చల్లబడిపోయింది. దాంతోపాటే చింబోతే ఊళ్లో సగం ఇళ్ల పొయ్యిలూ చల్లబడ్డాయి. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ, దాని కంపు అంటుకుంటుందని ఎవరూ బట్టలు బయట ఆరేసేవారు కాదు. హెర్మెలిండా ఆ ఫ్యాక్టరీని తిట్టని రోజు లేదు.

ఇప్పుడామె అతని చొక్కాను ముక్కుకు ఆనించి గట్టిగా పీల్చింది.

"ఏమన్నా తగిలిందా?" ఆశగా అడిగాడు తెయోఫిలో.

"లేదయ్యా. ఉత్త సబ్బు వాసనే," అంటూ కూలబడి చొక్కాను ఒళ్లో పడేసుకుంది.