తోక తెగిన పాము పడవ

"ఈసారి పడవ పందెంలో మన ఊరి పడవ బోల్తా పడి తీరుతుంది. అందులో మన టిబిన్ ఉంటాడు, చూస్తూండు," అంది ఏలియమ్మ, కొబ్బరి కోరుతూ.

"అన్నయ్య బ్యాంకులో పనెక్కువై ఆలస్యంగా వస్తున్నాడమ్మచ్చీ, అంతే," అంది కూతురు జిన్సీ.

"మరి రోజూ దండెం మీద ఆ తడి పంచె ఎవరిది?"

జిన్సీ లాప్‌టాప్‌లోకి తల దూర్చింది. ఊరి పడవ క్లబ్బుకి వెబ్‌సైట్ చేస్తోంది. నిరుడు సాధనలో పడవ మునిగాక, ఇక తెడ్డు ముట్టనని టిబిన్ చేత ఏలియమ్మ ఒట్టు వేయించింది. ఆవేళ బైబిలు పట్టుకుని నిలబడింది భర్త కురియచ్చనే. ఇప్పుడాయన వాలుకుర్చీలో పేపరు వెనకాల ఉన్నాడు, భుజానికి తైలం పట్టించుకుని. చర్చిలో బెంచీలు మోశాడట.

"ఫోటోలు చూపించు. వాడు లేడని కళ్ళారా చూస్తే గానీ నాకు ముద్ద దిగదు."

అన్నీ చదరంగా ఉన్నాయి. ఒక్కోదాంట్లో మధ్య కూర్చున్న పదిమందే కనబడుతున్నారు.

"ఇదేం పడవే? నూరడుగుల పాము పడవకి తలా లేదు, తోకా లేదు! చేపముక్కలా కోసేశావు."

"కోసింది నేను కాదు, టెంప్లేటు. నువ్వు పిండిలో ముంచి వేయించే అచ్చప్పాల అచ్చు లాంటిదే. ఒకసారి రాసి పెట్టుకుంటే ఏ ఫోటోనైనా అదే కొలతకి తెస్తుంది."

"అయితే అచ్చు మార్చు."

"వద్దులే. పెద్ద ఫోటోలైతే సైటు నెమ్మదిస్తుంది."

"నెమ్మదిస్తే కొంపలేం మునగవు. వాడు తోక దగ్గర దాక్కుంటే మునుగుతాయి!"

జిన్సీకి తప్పలేదు. టెంప్లేటులో ఒక్క వరుస మార్చి సైటు మళ్ళీ తయారుచేసింది. ఎనభై ఫోటోలూ ఒక్కసారే సాగాయి. పడవలు ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకున్నాయి.

ఏలియమ్మ కళ్ళజోడు తుడుచుకుని ఒక్కో తల మీదా వేలు పెట్టి చూసింది. టిబిన్ లేడు.

"మరియమ్మ తల్లీ, బతికించావు!"

అంతలో వేలు ఆగింది.

"తలకి తువ్వాలు చుట్టి, తోక మీద నిలబడి, ఇంత పొడుగు తెడ్డు పట్టుకున్నాడే... ఈ వీపెవరిది? అన్నిట్లోనూ ఉన్నాడు!"

జిన్సీ గోళ్ళు చూసుకుంది. పేపరులో పేజీ తిరగలేదు.

దాని వెనక నుంచి కురియచ్చన్ గొంతు వినిపించింది.

"నాకు ఈత వచ్చు కదే, ఏలీ."